నేలను అడిగిన బంతి

కోనగిరి రాజా తిమ్మభూపతిగారికి ఒక సరదా పుడితే ఊరందరికీ ఒక పని పుట్టేది. బంతాట అలా పుట్టిందే.

కోటలో పొడుగాటి గచ్చు వసారా ఒకటుంది. దాని చివర తొమ్మిది కొయ్య సిపాయిల్ని నిలబెట్టి, ఇవతలి నుంచి చేవకర్ర బంతిని దొర్లించి పడగొట్టాలి. గురి తప్పితే బంతి పక్క కాలవలో పడుతుంది. దసరా నుంచి శివరాత్రి దాకా వారం వారం కొలువులోని జట్లు పోటీ పడేవి. ఆ తరువాత ఎండలు ముదురుతాయి గనక వసారాకు తాళం వేసేవారు.

రాజుగారూ ఆడేవారు. ఆయన బంతి ఎటు పోయినా సిపాయిలు మాత్రం పడేవారు. ఆ బాధ్యత సిపాయిల పక్కనే నిలబడే మంత్రిగారి ఉత్తరీయానిది.

మిగతావాళ్ళలో ఆటంటే వీరభద్ర కేసరిదే. పన్నెండేళ్ళుగా ఓటమి ఎరగడు. కాలికి పెండేరం, పేరుకు ముందు మూడు బిరుదులు. బంతిని పట్టుపంచె కొంగుతో తుడిచి, కుడి గోడవైపు గురిపెట్టి వదిలేవాడు. అది మెల్లగా మధ్యకు తిరిగి సిపాయిల్ని కూల్చేది. "బంతికి నా మనసు తెలుసు" అనేవాడు. ఆ మాట మీద పండితులు పద్యాలు చెప్పారు. ఒకాయన వాటికి వ్యాఖ్యానం కూడా రాశాడు.

కొలువులో కబుర్లు చెప్పే ఓబుళయ్య ఆ ఏడే కొత్తగా జట్టులో చేరాడు. పాపం, తిన్నగా విసిరేవాడు. ప్రతి బంతీ ఎడమ కాలవలో పడేది. శివరాత్రి నాటి చివరి ఆటలోనూ అంతే.

"ఏమోయ్ ఓబుళయ్యా, నీ బంతికి దాహం ఎక్కువలా ఉందే! కాలవ కనిపిస్తే ఆగదు" అన్నాడు కేసరి నిండు సభలో.

సభ పగలబడి నవ్వింది. రాజుగారికి ఆ నవ్వులో కొత్త సరదా పుట్టింది.

"వచ్చే దసరాకు మీరిద్దరూ తలపడండి. ఓడినవాడు మళ్ళీ బంతి ముట్టకూడదు. బతికినన్నాళ్ళూ పడిపోయిన సిపాయిల్ని ఎత్తి నిలబెడుతూ ఉండాలి."

ఓబుళయ్యకు ఆ పూట అన్నం సయించలేదు. నోటితో బతికే మనిషి, నోరు మూసుకుని నడుం వంచి బతకాలంటే చావుతో సమానం కదా!

కేసరి వేసవంతా మామిడిపళ్ళు తిని పగటి నిద్రలు పోయాడు. వసారా మూసేశాక ఆటేమిటని ఆయన వాదన.

ఓబుళయ్య బంతిని చంకన పెట్టుకుని తిరునాళ్ళ వెంట పడ్డాడు. అక్కడా బంతి పందేలుండేవి, సిపాయిలకు బదులు ఇటుకలనో, ఓటి కుండలనో నిలబెట్టేవాళ్ళు. ఒక ఊళ్ళో పేడ అలికిన కళ్ళం, ఇంకో ఊళ్ళో నాపరాళ్ళ అరుగు, మరోచోట గట్టిపడిన ఏటి ఇసుక. అన్నిచోట్లా ఓడాడు. పాలపళ్ళు ఊడని పిల్లల చేతుల్లో కూడా ఓడాడు.

గాజులమ్మే మల్లెక్క అతన్ని వరసగా ఓడించి, ఓడించి, చివరికి జాలిపడింది.

"ఏం సామీ, కుండల్నే సూస్తాండావే! బంతి నడిసేది నేల మీద గదా. మొదటి బంతి గెలిసేదానికి కాదు, నేలను అడిగేదానికి."

"అడిగితే చెబుతుందా?"

"నీ మాదిరి కబుర్లు సెప్పదు. నిజమే సెప్తాది."

అప్పటినుంచీ అడగడం మొదలుపెట్టాడు. ఓడటం తగ్గింది. చివరి తిరునాళ్ళలో ఒక పొట్టేలును కూడా గెలిచాడు.

దసరా వచ్చింది. వసారా కిటకిటలాడింది.

"వేసవంతా ఏం సాధించావోయ్?" అన్నాడు కేసరి.

"చాలా ఊళ్ళలో ఓడానండి. మరి మీరో?"

"నేనా? ఒక్కచోట కూడా ఓడలేదు!"

"మీరు ఆడిందే ఒక్కచోట కదండీ."

కేసరి మీసం మెలేశాడు. "చోటుదేముందోయ్! గెలుపు చేతిలో ఉంటుంది. ఈ చేతిని ఏ కొసన నిలబెట్టినా గెలుస్తుంది!"

ఓబుళయ్యకు కావలసిన మాట అదే. రాజుగారివైపు తిరిగి చేతులు జోడించాడు.

"ప్రభూ, కేసరిగారి మాట కొలువంతా విన్నది. ఈసారి సిపాయిల్ని ఇవతల నిలబెట్టించండి. మేం అవతలి కొస నుంచి విసురుతాం."

రాజుగారికి కొత్తదంటే ప్రాణం. చప్పట్లు కొట్టారు. కేసరికి కాదనే దారి లేకపోయింది.

కేసరి బంతి తుడిచాడు. అలవాటుగా కుడి గోడవైపు గురిపెట్టి వదిలాడు. అది కుడికి, ఇంకా కుడికి జరిగి దభీమని కాలవలో పడింది. రెండోదీ అంతే. మూడోది విసిరేసరికి ఆయనకు ముచ్చెమటలు పోశాయి, అదీ కాలవపాలే. వ్యాఖ్యానం రాసిన పండితుడు పైకప్పు చూస్తూ కూర్చున్నాడు.

ఓబుళయ్య మొదటి బంతిని మెల్లగా మధ్యలో వదిలాడు. అది కుడికి జారింది. అతను తలూపాడు. రెండోదాన్ని ఎడమ గోడవైపు వదిలాడు. అది వంపు తిరిగి వచ్చి తొమ్మిదిమందినీ కూల్చింది.

"ఇదేం మాయ?" అన్నారు రాజుగారు.

"మాయ కాదు ప్రభూ. ఈ గచ్చు ఒకవైపుకు వాలి ఉంది. అక్కడ నిలబడితే అది ఎడమ, ఇక్కడ నిలబడితే కుడి."

"అయితే ఇన్నాళ్ళూ కేసరి గెలిచింది?"

"పన్నెండేళ్ళూ గెలిచింది నేల ప్రభూ. కేసరిగారు దానికి తోడున్నారంతే."

రాజుగారు నవ్వబోయి, ఠక్కున ఆగిపోయారు. "అంటే... మా గెలుపులు కూడా నేలవేనా?"

మంత్రిగారు ఉత్తరీయాన్ని గబగబా చంకలోకి లాక్కున్నారు.

"ఎంతమాట! తమ గెలుపుకు నేలతో పనే లేదు. మంత్రిగారి ఉత్తరీయం చల్లగా ఉన్నంతకాలం తమకు ఓటమి లేదు ప్రభూ."

రాజుగారు మంత్రిని చూశారు. చంకలోని ఉత్తరీయాన్ని చూశారు. తలపాగా జారిపోయేలా నవ్వారు. అనుమతి దొరికిందని కొలువంతా నవ్వింది.

"పెండేరం నీదే ఓబుళయ్యా! ఇంకేం కావాలో కోరుకో. కేసరీ, నువ్వు సిపాయిల్ని ఎత్తు."

కేసరి తలొంచుకుని, వంగి ఒక సిపాయిని ఎత్తాడు. ఓబుళయ్యకు మనసు చివుక్కుమంది. ఆ చోట తను ఉండవలసినవాడే.

"ఆ శిక్ష మాన్పించి, వచ్చే వేసవికి కేసరిగారిని నాతో తిరునాళ్ళకు పంపండి ప్రభూ. ఒంటరిగా ఓడీ ఓడీ విసుగెత్తింది."

రాజుగారు సరేనన్నారు. కేసరి చేతిలోని కొయ్య సిపాయిని కింద పెట్టి, ఓబుళయ్యవైపు తిరిగాడు.

"ముందు ఎక్కడ ఓడాలి, ఓబుళయ్యగారూ?"

"గాజుల మల్లెక్క దగ్గరండి. ఆవిడ చాలా బాగా ఓడిస్తుంది."