వింటిపిడి గౌరి నోము కథ

చేత అక్షతలు పట్టి, పొయ్యి మీది పాలను మరచి, కథ వినుడు.

పూర్వము మేఖల మహాముని శ్రుతపర్ణ మహామునిని జూచి, కోపము పాపమందురు గదా, కోపముతోనే నోచి ఫలము పొందిన నోము గలదా యని యడిగెను. శ్రుతపర్ణుడు ఇట్లు చెప్పెను.

అడవి యంచున కొఱ్ఱపాడను పల్లె గలదు. అందు విండ్లు చెక్కు బొల్లనయు, అతని భార్య మాచక్కయు నుండిరి. మాచక్క తమ్ముడు కాచన అడవిపందుల నుండి ఊరి జొన్నచేలను గాచువాడు. బరువైన విల్లు చేయునపుడు, దానిని పట్టువాని యెడమచేత తడిమట్టి ముద్దను బిగింపించి, ఆ ముద్దను వింటిపిడి గౌరి ముందుంచి పూజించి, ఆ యచ్చు ప్రకారము పిడి చెక్కుట ఆ యూరి యాచారము.

పనిలో మంచి పేరు రాగానే బొల్లనకు కళ్ళు నెత్తికెక్కెను. తన చేతికి సరిపోయినది లోకమునకంతకు సరిపోవునని మట్టిని పెరట పారవేసి, తన లావు చేతి కొలతకే కాచన వింటికి పిడి చెక్కెను. కాచనది చిన్న చేయి. పంది మీదికి రాగా అతడు నారిని చెవిదాక లాగెను. విల్లు చేతిలో తిరిగెను, బాణము పక్కకు బోయెను, పంది యతని తొడను చీల్చెను.

తమ్ముని నెత్తురు చూచి మాచక్క మండిపడెను. "పందికి ఎదురు నిలబడేది నువ్వా, నా తమ్ముడా? ఎవరి చేతికి చెక్కావయ్యా ఆ పిడి?" అని యడిగి, ఆ దినము మొదలు పొయ్యి రాజేయుట మానెను. ఊరివారును తమ విండ్లను తెచ్చి వాకిట పడవేసి పోయిరి. పనిలేక బొల్లన ఉలికి తుప్పు పట్టెను.

అంతట బొల్లన భయపడి నోము పట్టెను. మంచమున పడియున్న కాచన చేతిలో మట్టిని పెట్టి, వ్రేళ్ళను తానే ముడిచి, ఆ యచ్చును పూజించి కొత్త పిడి చెక్కెను. భక్తి గలదు, బుద్ధి లేదు. గాయము మానిన కాచన లేచి లాగి చూడగా విల్లు మరల తిరిగెను.

"అక్కా, ఈ విల్లుతో చేనికి పోతే నేను తిరిగి రాను" అని కాచన యనెను.

మాచక్కకు ఒళ్ళు తెలియని కోపము వచ్చెను. గౌరి పీట ముందు నిలిచి, "తల్లీ, పడుకున్న చెయ్యీ, లాగే చెయ్యీ ఒకటేనా? ఈయన పూజ తిని ఊరుకున్నావేం?" అని నిలదీసెను. మట్టిని వింటి నడుమ తానే మెత్తి, తమ్మునిచేత పట్టించి, "లాగరా! పంది ఎదురుగా ఉన్నట్టు లాగు!" అనెను. కాచన లాగెను. బొటనవ్రేలి మొదలు దగ్గర మట్టి లోతుగా అణగెను, వ్రేళ్ళ కింద అంతగా అణగలేదు. ఆ యచ్చును చూచి, ఇన్నేండ్లు తన చేతిని తప్ప ఏ చేతిని చూడలేదని బొల్లన సిగ్గుపడెను.

ఆ యచ్చును పూజించి పిడి చెక్కగా విల్లు కదలక నిలిచెను. కాచన పందిని కొట్టి, తన కాళ్ళ మీద ఇల్లు చేరెను. ఊరివారు విండ్లు చేయించుకొనుటకు మరల వచ్చిరి. గౌరి మాచక్కకు ప్రత్యక్షమై, నీ కోపమే నాకు నైవేద్యమని పలికి, వరము కోరుకొమ్మనెను. మాచక్క సిరులు కోరలేదు. పట్టేవాణ్ణి అడగకుండా చెక్కిన పిడి చెక్కినవాడి చేతికే గుచ్చుకోవాలని కోరెను. గౌరి యట్లే యనెను.

కావున విండ్లు చెక్కువారు, కొడవలికి పిడియు నాగలికి మేడియు చేయువారు, కోడలి చేయి చూడక గాజులు తెచ్చు అత్తలు, ఒకరి బ్రతుకు మరొకరు దిద్దబోవు వారందరును ఈ నోము నోచవలెను. నోచినవారికి చేతిపని నిలుచును, ఇంట ధాన్యము నిండును, చేనికి పోయినవారు క్షేమముగా తిరిగి వత్తురు. కథ ముగిసిన పిమ్మట యజమానుడు తాను చేసినదానిని ఇంట అందరికంటె చిన్న చేయి గలవారికిచ్చి, "సరిపోయిందా?" అని యడుగవలెను. లేదన్నచో కసరుకొనరాదు, మరల చెక్కవలెను. వారు ఔననువరకు ప్రసాదము ముట్టరాదు.