గరిటె పట్టిన దొర

అనగనగా ఎర్రదిన్నె అని ఒక ఊరు. ఆ ఊళ్ళో కొండ్రాయుడని ఒక ముసలి బంటు ఉండేవాడు, బంగారం. పడుచువాడుగా ఉన్నప్పుడు ఆ ఊరి పక్కనున్న దిన్నె మీదే పెద్ద యుద్ధం చేశాడు.

ఆ యుద్ధం పొద్దున్నే మొదలైంది, మధ్యాహ్నమైనా తెగలేదు. బంట్లకి మెతుకు లేదు, గుక్కెడు నీళ్ళు లేవు. అప్పుడు వంటశాలలో ఉండే సింగన్న, పాపం కత్తి పట్టడమే రానివాడు, రెండు కుండల జొన్న అంబలి కావిడికి కట్టుకుని బాణాల మధ్యకి నడిచాడు. మొదటిసారి ఒక కుండ పగిలింది. రెండోసారి భుజం చీరుకుపోయింది. మూడోసారి దిన్నె చివరిదాకా వెళ్ళి, కళ్ళు తిరిగి పడిపోయిన కొండ్రాయుడి నోట్లో గరిటెతో అంబలి పోశాడు. ఆ అంబలితో లేచాడు కొండ్రాయుడు. లేచి, పొద్దుగూకేదాకా దిన్నె వదల్లేదు.

ఆ తర్వాత ఏళ్ళు గడిచాయి. సింగన్న మంచితనం చూసి జనం ఆయన్నే తమ దొరని చేసుకున్నారు. కొన్నాళ్ళకి, దొరగారు యుద్ధంలో నడిచిన దిన్నె మీద ఆయన బొమ్మ చెక్కించి, వీరుడి గుర్తుగా నిలిపే రాయి, వీరగల్లు నిలబెడదామనుకున్నారు ఊరివాళ్ళు.

శిల్పి మల్లయాచారి ఏం చేశాడో తెలుసా? వీరగల్లు అంటే అలవాటుగా ఏం చెక్కుతాడో అదే చెక్కాడు. గుర్రం, మీసం, చేతిలో ఇంత వెడల్పు కత్తి!

కొండ్రాయుడు కర్ర ఊతంతో వెళ్ళి చూశాడు. మనసు చివుక్కుమంది.

"ఎవరయ్యా ఈయన? మా సింగన్న కత్తి ఎప్పుడు పట్టాడు? ఆ అంబలి తాగినవాళ్ళలో నేనొక్కణ్ణే మిగిలాను. నేనూ పోతే ఈ రాయి చెప్పిందే నిజమైపోతుంది. ఆ కత్తిని గరిటె చెయ్యి."

"దొర చేతిలో గరిటెనా! నా తల తీయిస్తారు తాతా!"

"నేను చెప్పానని చెప్పు. తీస్తే నా తలే తీస్తారు."

అప్పుడు ఆచారి కత్తిని అటూ ఇటూ చెక్కి, కొన మాత్రం గుండ్రంగా ఉంచాడు. గరిటె అయింది. గుర్రం అలాగే ఉండిపోయింది. గరిటె పట్టుకుని గుర్రమెక్కిన దొర ఎక్కడైనా ఉన్నాడా? అక్కడున్నాడు!

దొర వచ్చాడు. రాయి చూశాడు. కొండ్రాయుడు ముందుకొచ్చి, "నేనే చెక్కించాను దొరా" అన్నాడు.

దొర ఆ రాతి గరిటెని చాలాసేపు తడిమాడు.

"కొండ్రాయుడూ, ఇన్నేళ్ళూ అడగాలనుకుని అడగలేకపోయాను. ఆ రోజు కంగారులో అంబలిలో ఉప్పు వేశానా?"

"వెయ్యలేదు దొరా. అయినా అంత కమ్మటి అంబలి నా జన్మలో మళ్ళీ తాగలేదు."

ఇద్దరు ముసలివాళ్ళూ ఒకరినొకరు పట్టుకుని ఏడ్చారు. ఆ తర్వాత ఏటా ఆ రోజున ఎర్రదిన్నె వాళ్ళు దారిన పోయేవాళ్ళందరికీ అంబలి పోస్తారు. తాము మాత్రం మొదటి గరిటె ఉప్పు లేకుండానే తాగుతారు.

కథ కంచికి, కుండ వంటింటికి, మనం మన ఇంటికి.