ఉప్పుటేటి పడవలో తెల్లపొగ

త్రిమూర్తులుకి పొగ మీద కన్నా దానయ్య మీద అనుమానం ఎక్కువ.

కాకినాడ జగన్నాథపురం వంతెనకి దిగువన, ఉప్పుటేట్లో, భీమశంకరం గారి తెరచాప పడవ కట్టి ఉంటుంది. రేవులోకి వచ్చే ఓడలకి దారి చూపించే పైలట్‌గా పనిచేసి రిటైరయిన మనిషి ఆయన. పడవ వయసు ఆయన వయసుకి రెండేళ్ళే తక్కువ. గాలి పడిపోయినప్పుడు, ఏరు దాటి సముద్రంలోకి వెళ్ళేటప్పుడు పనికొచ్చేలా దాని కడుపులో ఓ పాత పెట్రోలు ఇంజను ఉంది. నాలుగు రోజులుగా ఆ ఇంజను అంటించిన పావుగంటకల్లా వెనక గొట్టంలోంచి గుప్పుగుప్పున తెల్లపొగ వస్తోంది.

ఆ ఇంజను బాగుచేసే గౌసు మేస్త్రీ ఊళ్ళో లేరు. సామర్లకోటలో చెల్లెలికి ఒంట్లో బాగోలేదని వెళ్ళారు. దాంతో పని త్రిమూర్తులు చేతికి వచ్చింది. పదకొండేళ్ళుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నవాడు. నీలంపొగయితే ఆయిలు మండుతున్నట్టు, నల్లపొగయితే పెట్రోలు ఎక్కువ తాగుతున్నట్టు, అన్నీ నోటికొచ్చు. తెల్లపొగ దగ్గరే కాస్త తడబడ్డాడు. కానీ మొదటిరోజే ట్యాంకు మూత తీసి, వేలు ముంచి వాసన చూశాడు. కిరసనాయిలు.

ఆ క్షణం నుంచి అతనికి ఇంజను కనబడ్డం మానేసింది, దానయ్యే కనబడ్డాడు.

దానయ్య ఆ పడవకి కాపలా. తొమ్మిదేళ్ళుగా గట్టుమీద రేకుల పాకలోనే ఉంటాడు. వలతాడు బిగుసుకుని ఎడమచేతి రెండు వేళ్ళు పోయాక వేటకి వెళ్ళడం మానేశాడు. మాట తక్కువ. అడిగితే తప్ప పలకడు. పాకలో పొయ్యి పక్కన సగం కిరసనాయిలున్న సీసా ఉంది. పైగా ఇంజను నడుస్తున్నంతసేపూ వెనక్కి పోయి, అంచు మీంచి వంగి, చెయ్యి కిందకి పెట్టి ఏదో చేస్తుంటాడు. ఎవరైనా చూస్తే లేచి తువ్వాలుతో చెయ్యి తుడుచుకుంటాడు. పెట్రోలు అమ్ముకుని, తగ్గిన మేరకి కిరసనాయిలు పోస్తున్నాడని చెప్పడానికి ఇంకేం కావాలి?

త్రిమూర్తులు ఆ మాటే భీమశంకరం గారితో చెప్పాడు.

"గట్టిగా తెలుసా నీకు?"

"వాసన చూశానండి."

మర్నాడు మధ్యాహ్నానికల్లా పాక ఖాళీ చెయ్యమని దానయ్యకి కబురు వెళ్ళింది. పెట్రోలు దొంగ అని ఒక్కసారి పేరు పడితే ఆ ఏటి పొడుగునా ఏ పడవా ఎక్కనివ్వరు. ఆ సంగతి దానయ్యకీ తెలుసు, త్రిమూర్తులుకీ తెలుసు.

ఆ గడువు రోజు పొద్దున్నే గౌసు మేస్త్రీ బస్సు దిగి, పడవ ఇంజను పాడయిందని విని, ఇంటికి కూడా వెళ్ళకుండా టిఫిను డబ్బా చేత్తో పట్టుకుని నేరుగా ఏటి గట్టుకొచ్చారు. దానయ్య పాక ముందు కూర్చుని గోనెసంచిలో సామాను సర్దుకుంటున్నాడు. మేస్త్రీ అతన్నోసారి, అప్పుడే వచ్చిన త్రిమూర్తుల్ని ఓసారి చూశారు.

"ఏం చూశావు?"

"కిరసనాయిలు కలిపాడు ఉస్తాద్."

"చూసింది అడిగాను."

"తెల్లపొగ. ట్యాంకులో కిరసనాయిలు వాసన."

"ఇప్పుడు ఎక్కణ్ణించి వస్తున్నావు?"

"మన షెడ్డు నుంచే. ఓ ఆటో కార్బురేటరు కడిగేసి వచ్చాను."

మేస్త్రీ దానయ్య వైపు తిరిగి, "ఒళ్ళు రుద్దుకునే సబ్బు ఉందా?" అన్నారు. దానయ్య సంచిలోంచి అరిగిపోయిన సబ్బు బిళ్ళ తీసిచ్చాడు. మేస్త్రీ దాన్ని త్రిమూర్తులు చేతిలో పెట్టారు.

త్రిమూర్తులుకి ఒళ్ళు మండింది. ఆ దొంగ ముందు తనని చిన్నపిల్లాడిలా చేతులు కడుక్కోమంటారా? అయినా కడుక్కున్నాడు. మేస్త్రీ "మళ్ళీ" అన్నారు. మళ్ళీ కడుక్కున్నాడు. మూడోసారి ఆయన అననక్కర్లేకుండా అతనే కడుక్కున్నాడు, ఎందుకంటే రెండోసారి వేళ్ళు ముక్కు దగ్గర పెట్టుకున్నప్పుడు గోళ్ళ సందుల్లోంచి ఇంకా కిరసనాయిలు వాసన వస్తోంది. షెడ్డులో సామాన్లు దేంతో కడుగుతారో అతనికి అప్పుడు గుర్తొచ్చింది.

ట్యాంకు మూత తీసి వేలు ముంచాడు. ఉత్త పెట్రోలు వాసనే.

'ఒకవేళ కొంచెమే కలిపాడేమో' అనుకున్నాడు. అనుమానం అంత తేలిగ్గా వదలదు. మేస్త్రీకి అది అతని మొహంలోనే కనబడింది కాబోలు, జేబులోంచి తెల్లకాగితం తీసి చేతికిచ్చారు. దాని మీద ఒక పక్క ట్యాంకులో పెట్రోలు, ఇంకో పక్క దానయ్య సీసాలో కిరసనాయిలు, చెరో చుక్కా వేయించారు. ఏటిగాలికి పెట్రోలు చుక్క క్షణాల్లో ఆరిపోయి, అక్కడ కాగితం కాగితంలా మిగిలింది. రెండో చుక్క మాత్రం నూనె మరకలా అలాగే ఉండిపోయింది.

త్రిమూర్తులు కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. ఎంత తిప్పినా మరక ఒక్కటే.

"ఇంజను వెయ్యి" అన్నారు మేస్త్రీ.

ఇంజను అంటుకుంది. పావుగంటకి తెల్లపొగ మొదలైంది. మేస్త్రీ టిఫిను డబ్బా మూత ఊడదీసి, వెనక గొట్టానికి జానెడు దూరంలో పట్టుకుని, త్రిమూర్తులుకి చూపించారు. మూత నిండా నీటి బిందువులు. మసి లేదు, నూనె తెట్టు లేదు.

"ఇప్పుడు పొగ చూడు. ఎందాకా పోతోంది?"

త్రిమూర్తులు చూశాడు. నాలుగు రోజుల్లో అతను దాన్ని చూస్తూ నిలబడ్డం అదే మొదటిసారి. గొట్టంలోంచి తెల్లగా లేచి, పక్క పడవని చేరకుండానే గాల్లో కరిగిపోతోంది. అన్నం గిన్నె మీది ఆవిరిలాగ.

"పొగ కాదు" అన్నాడు నెమ్మదిగా. "ఆవిరి."

ఇంజను చల్లబడ్డానికి ఏటినీళ్ళే లోపలికి తోడుకుంటుంది. తోడిన నీళ్ళు పొగతోపాటు వెనక గొట్టంలోంచే బయటికి ఉమ్ముతుంది. లోపలికి నీళ్ళు చాలకపోతే ఆ కాస్త నీళ్ళూ గొట్టంలోనే మరిగి ఆవిరవుతాయి. అలాగే సముద్రంలోకి వెళ్ళి ఉంటే ఏరు కలిసేచోట, ఇసుకమేటల దగ్గర, ఇంజను వేడెక్కి పట్టేసేది.

త్రిమూర్తులు అంచు మీంచి వంగి గొట్టం కింద చెయ్యి పెట్టాడు. ఇంజను ఉమ్మినప్పుడల్లా దోసెడు పడాల్సిన నీళ్ళు నాలుగు చుక్కలు పడ్డాయి, వేడివేడిగా. చెయ్యి లాక్కుని, తుడుచుకోబోయి ఆగిపోయాడు. సరిగ్గా ఈ చోటే, ఇలాగే వంగి, ఇన్నాళ్ళూ దానయ్య చేస్తున్నదేమిటో అర్థమైంది.

"నువ్వు నీళ్ళు చూస్తున్నావా?" అన్నాడు.

"సెప్పాను గదా బాబూ, మొదటిరోజే" అన్నాడు దానయ్య గట్టుమీంచి. "నీళ్ళు తగ్గినాయన్నాను. ఇంజను సంగతి నీకేం తెలుసన్నారు."

అన్నాడు. తను అన్న ఆ మాట త్రిమూర్తులుకి బాగా గుర్తుంది. ఇంజను ఆపేశాడు.

నీళ్ళు తోడుకునే కన్నం పడవ అడుగున, నీళ్ళలో తిరిగి పడవని తోసే పంకాకి బారెడు దూరంలో ఉంటుంది. మునిగి చూడాలి. అక్కడున్న ముగ్గురిలో ఆ పని చెయ్యగలవాడు దానయ్య ఒక్కడే. చెయ్యమని అడిగే నోరు త్రిమూర్తులుకి లేదు. ఎవరూ అడక్కుండానే దానయ్య చొక్కా విప్పి గోనెసంచి మీద పెట్టి, పడవెక్కి చెయ్యి చాపాడు.

"ఇంజను తాళం ఇయ్యండి బాబూ."

"ఎందుకు? ఆపేశానుగా. నేనిక్కడే ఉంటాను."

"అందుకే అడుగుతున్నాను."

త్రిమూర్తులు మేస్త్రీ వైపు చూశాడు. మేస్త్రీ ఏటి వైపు చూస్తున్నారు. తాళం తీసి దానయ్య అరచేతిలో, లేని వేళ్ళ పక్కన, పెట్టాడు. దానయ్య దాన్ని మొలతాడుకి కట్టుకుని, ముడి ఒకటికి రెండుసార్లు లాగి చూసుకుని నీళ్ళలోకి దిగాడు.

మూడుసార్లు మునిగాడు. మొదటిసారి వట్టి చేతులతో వచ్చాడు. రెండోసారి కత్తి అడిగి తీసుకుని, కన్నం చుట్టూ పట్టిన గుల్లలు గీకి వచ్చాడు. మూడోసారి నలిగి బురద పట్టిన ప్లాస్టిక్ కవరొకటి పడవలోకి విసిరాడు. ఒగరుస్తూ పైకెక్కి, తాళం విప్పి, త్రిమూర్తులు చేతికివ్వకుండా బల్లమీద పెట్టాడు.

ఈసారి ఇంజను వెయ్యగానే వెనక గొట్టం దోసెళ్ళకి దోసెళ్ళు నీళ్ళు ఉమ్మింది. అరగంట నడిపారు. పొగా లేదు, ఆవిరీ లేదు.

మధ్యాహ్నం భీమశంకరం గారు వచ్చారు. కట్టిన గోనెసంచి చూశారు, ఇంజను చప్పుడు విన్నారు. "ఏమిటయింది?" అన్నారు. మేస్త్రీ పానాలు తుడుచుకుంటూ తల ఎత్తలేదు. కవరు అడ్డం పడిందండి అని చెప్పినా అబద్ధం కాదు. ఆ మాట త్రిమూర్తులు నాలిక చివరిదాకా వచ్చింది కూడా.

"నా చేతికున్న కిరసనాయిలు వాసన చూసి, ట్యాంకులో ఉందనుకున్నానండి" అన్నాడు. "దానయ్య మొదటిరోజే నీళ్ళు తగ్గాయని చెప్పాడు. నేను వినలేదు."

భీమశంకరం గారు తిన్నగా వెళ్ళి ఆ గోనెసంచి తనే ఎత్తి పాకలో పెట్టి వచ్చారు. దానయ్య తల తుడుచుకుంటూ నిలబడ్డాడు, త్రిమూర్తులు వైపు చూడలేదు. వెళ్ళొస్తానంటే తల మాత్రం ఊపాడు.

గురువూ శిష్యుడూ వంతెన మీంచి నడిచి వస్తున్నారు. సగం దాటాక త్రిమూర్తులు ఉండబట్టలేక అడిగాడు.

"దానయ్య అలాంటివాడు కాదని మీకు ముందే తెలుసు కదా ఉస్తాద్?"

"లేదు" అన్నారు గౌసు మేస్త్రీ. "నువ్వు చెప్పగానే నాకూ వాడిమీద అనుమానమే వచ్చింది. ఈ ఏట్లో పెట్రోలు అమ్ముకునేవాళ్ళని చాలామందిని చూశాను."

త్రిమూర్తులు నడక ఆపేశాడు. "మరి మీరా మాట పైకి అనలేదేం?"

"అప్పటికి నేనింకా ఏమీ చూడలేదుగా" అన్నారు మేస్త్రీ, ఆగకుండా నడుస్తూనే.