మొదటి అట్టు

హైమవతికి ఆ వేసవిలో లెక్కల బెంగ పట్టుకుంది. లెక్కలు తనవి కావు, ఆరేళ్ళ కూతురు మేదినివి.

బడిలో టీచరు నలుగురిలో "మొద్దు" అనేసరికి పిల్ల బెంగపడి అన్నం మానేసింది. హైమవతి బడి మాన్పించి, ఇంట్లో తనే చదువు చెప్పుకుంటానంది. తెలుగు పరవాలేదు, బొమ్మలు పరవాలేదు. లెక్కల దగ్గరే బండి ఆగిపోయింది. ముందు బొమ్మల పుస్తకం కొంది. నాలుగు రోజులకే పిల్ల తడబడింది. పుస్తకం మంచిది కాదని పూసల పెట్టె తెప్పించింది. అదీ కుదరలేదు. ఆ తరవాత రంగు కర్రలు, ఆ తరవాత ఎవరో గొప్పగా చెప్పిన ఇంకో పుస్తకం. ఇల్లలకగానే పండగవుతుందా? పిల్లకి ఏదీ రాలేదు సరికదా, ఇప్పుడు లెక్కలనే మాట వింటే చాలు, మంచం కిందికి దూరుతోంది.

"జూన్ దాకా చూద్దాం. అప్పటికీ ఇంతే అయితే మళ్ళీ ఆ బడికే పంపేద్దాం," అన్నాడు భర్త. ఆయన్నీ అనడానికి లేదు.

ఆ బడి పేరు ఎత్తేసరికి హైమవతి ఇక ఆగలేదు. మర్నాడు పొద్దున్నే పుస్తకాలూ పెట్టెలూ అన్నీ సంచిలో కుక్కి, పిల్లని వెంటబెట్టుకుని, శారదా నది ఒడ్డున ఉన్న ఆశ్రమానికి బస్సెక్కింది. అక్కడుండే నిరంజన స్వామి ఆమెకి పెళ్ళి కాకముందు నుంచీ గురువు. ఆశ్రమమంటే పెద్ద హంగేమీ కాదు, ఒక గది, ఒక వంటిల్లు, చుట్టూ జీడిమామిడి చెట్లు.

"స్వామీ, వీటిల్లో ఏది మంచిదో మీరే చెప్పండి. మీరు ఏదంటే అదే," అంటూ సంచిలోవన్నీ ఆయన ముందు చాప మీద పరిచింది.

స్వామి ఒక్కొక్కటీ తీసి చూశారు. రంగు కర్రలు ముచ్చటేశాయేమో, కాసేపు వాటిని పేర్చుతూ కూర్చున్నారు. హైమవతి ఆయన చేతుల వంకే చూస్తోంది.

"ఆకలిగా ఉందమ్మా. పిండి రుబ్బి ఉంది. అట్లు పోసిపెడతావా?" అన్నారు.

ఇంత దూరం వచ్చింది అట్లు పొయ్యడానికా అని మనసులో అనుకుంది గానీ, గురువుగారి మాట కాదంటుందా? కొంగు దోపుకుని పొయ్యి వెలిగించింది.

మొదటి అట్టు పెనాన్ని కరుచుకుని ముద్దయిపోయింది. గుమ్మం దగ్గర మేదినిని పక్కన కూచోబెట్టుకున్న స్వామి, "ఆ పెనం మంచిది కాదేమో. ఇంకోటి తీసుకో," అన్నారు.

ఇంకోటి తీసింది. దాని మీదా ముక్కలే వచ్చాయి. "అదీ లాభం లేదమ్మా. భక్తులెవరో ఇచ్చింది ఆ మూల ఉంది చూడు." దాని మీద అట్టు చిరిగి చుట్టుకుపోయింది. చివరికి అటక మీదున్న దళసరి పెనం కూడా దింపించారు స్వామి. అదీ అంతే. మేదిని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతోంది.

"పోనీ, పక్క వాళ్ళ పెనం అడిగి తెమ్మంటావా?" అన్నారు స్వామి.

హైమవతికి ఒళ్ళు మండింది. చెమట తుడుచుకుంటూ, "పెనాలకేం స్వామీ, నిక్షేపంలా ఉన్నాయి. ఏ పెనమైనా మొదటి అట్టు ఇలాగే వస్తుంది. అది చెడితే గానీ పెనం దారికి రాదు. మీరు రెండోది పొయ్యనిస్తేనా?" అంది.

"అలాగా," అన్నారు స్వామి.

హైమవతి చేతిలో అట్లకాడ అలాగే ఉండిపోయింది. గదిలో చాప మీద పూసలూ, కర్రలూ, పుస్తకాలూ పరిచినవి పరిచినట్టే ఉన్నాయి. వాటి వంక చాలాసేపు చూసింది.

ఈలోగా మేదిని, చెడిన అట్లు వేసిన పళ్ళెం దగ్గరికి జరిగింది.

"అమ్మ నాలుగూ పాడుచేసింది తాతగారూ. మనం ముగ్గురం కదా, తలా ఒకటి తినేద్దాం. ఇంకోటి మిగిలిపోతుంది." కాస్త ఆలోచించింది. "దాన్ని మూడు ముక్కలు చేసేస్తాను."

చేసింది. ముక్కలు సమంగా రాలేదు. పెద్దది తన వైపు లాక్కుంది. మళ్ళీ ఏమనుకుందో, అందులోంచి కొంచెం తుంచి అమ్మ ముక్క పక్కన పెట్టింది.

హైమవతికి "భలే చెప్పావు" అని నోటిదాకా వచ్చింది, అనలేదు. అంటే అది లెక్కని పిల్లకి తెలిసిపోతుంది. చేతులకి పిండి ఉందని, వంగి తలే స్వామి పాదాలకి ఆనించింది.

"మీ రుణం ఎలా తీర్చుకోను స్వామీ," అంది.

స్వామి తన వంతు ముద్దలోంచి కాస్త నోట్లో వేసుకున్నారు.

"రుచికేం లోటు లేదు," అన్నారు. "ఊఁ, ఇంకోటి పొయ్యి తల్లీ. అదే పెనం మీద."