అసిరమ్మ అడిగిన దారి

పడవకి ఇనపమేకు తెలియని కాలం. చెక్కకీ చెక్కకీ తాళ్ళతో కుట్టుకుని సముద్రం మీదకి పోయే కాలం. ఆ కాలంలో, ఇసకమెట్టల వెనక, ఒక జాలరిపేట. ఆ పేటలో అసిరమ్మ. రాజు కూతురు కాదు, మంత్రి కూతురు కాదు. చేపల గంప మోసే మనిషి. ఊఁ కొడుతూ ఉండండి, చెబుతాను.

పేటకీ సముద్రానికీ మధ్య మెట్టలు. మెట్టల నడుమ ఒక కాలిదారి. తాతల తాతలు నడిచిన దారి. వలలు ఆ దారినే పోయేవి, చేపలు ఆ దారినే వచ్చేవి.

ఆ మెట్టల్ని ఏలే రాజావారికి దొరలతో స్నేహం. దొరల దగ్గర ఒక ఆట నేర్చుకున్నాడు. గోల్ఫు. కర్రతో చిన్న తెల్లబంతిని కొట్టాలి. ఎక్కడో దూరాన ఉన్న గుంటలో వెయ్యాలి. తక్కువ దెబ్బల్లో వేసినవాడు గెలిచినట్టు. అంతే ఆట. అంత చిన్న బంతికి మెట్టలన్నీ కావలసొచ్చాయి. తొమ్మిది గుంటలు తవ్వించాడు. గుంట గుంట చుట్టూ పచ్చగడ్డి నాటించాడు. కాలిదారికి అడ్డంగా కంచె కట్టించాడు.

"సముద్రానికి చుట్టు తిరిగి పొండి" అన్నాడు.

చుట్టంటే కోసెడు దూరం. పేటకి చేరేసరికి చేప మెత్తబడిపోయేది. అసిరమ్మకి కోపమొచ్చింది. గంప దించింది గాని కోపం దించలేదు.

అంతటితో ఆగిందా? ఇసకలో గడ్డి ఊరికే బతుకుతుందా? ఇంటికో మనిషి వెట్టికి రావాలన్నారు. నీళ్ళు మొయ్యాలి. మొగలిపొదల్లో పడ్డ బంతులు వెతకాలి. కూలి లేదు, గంజి లేదు. రానంటే గుడిసె పీకేస్తారు. పైగా వెట్టివాళ్ళ కాలు ఆ గడ్డిమీద పడకూడదు. నీళ్ళు అంచునుంచే చల్లాలి. దొరికిన బంతిని పొద దగ్గర్నుంచే కర్రతో కొట్టి గడ్డిమీదకి పంపాలి.

అసిరమ్మ ఒక చింతకొమ్మని వంకరగా చెక్కుకుంది. పన్నెండేళ్ళు దాంతోనే కొట్టింది. గాలి ఎదురైతే ఎలా కొట్టాలి, పక్కనుంచి వీస్తే ఎలా కొట్టాలి, ఇసకలో కూరుకుపోతే ఎలా లేపాలి, ఎవరూ నేర్పలేదు. చేతికి తెలిసిపోయింది.

ఒక పెనుగాలి రోజున ఆమె మొగుడు దానయ్య పడవ, కెరటాలు విరిగేచోట తిరగబడింది. పేటలో ఆడవాళ్ళు మెట్టమీంచి చూశారు. తాళ్ళు పట్టుకుని పరిగెత్తారు. కంచె దగ్గర బంట్రోతులు కర్రలు అడ్డం పెట్టారు.

"ఆట జరుగుతోంది. చుట్టు తిరిగి పొండి."

"అదిగో, నా మొగుడు మునిగిపోతన్నాడు బాబూ! కనిపిస్తన్నాడు గదా!" అంది అసిరమ్మ.

"గడ్డి తొక్కితే మా తోలు ఒలుస్తారు. చుట్టు తిరిగి పొండి."

చుట్టు తిరిగి పరిగెత్తారు. ఒడ్డుకి చేరేసరికి తాడు ఎవరికి విసరాలో తెలియలేదు. నీళ్ళమీద ఎవరూ లేరు. మూడోనాడు దానయ్యని కెరటమే తెచ్చి పడేసింది.

అసిరమ్మకి కోపమొచ్చింది. మొగుణ్ణి ఇసకలోకి దించింది గాని కోపం దించలేదు.

ఏడాది తిరిగింది. రాజావారు పెద్ద పందెం పెట్టాడు. ఊరూరా దండోరా వేయించాడు. "ఆట మీద ఇష్టంతో ఆడేవాళ్ళు ఎవరైనా రావచ్చు. ఈ మైదానంలో కూలి పుచ్చుకున్నవాళ్ళు మాత్రం ఆడకూడదు. గెలిచినవాళ్ళకి వెండి చెంబు. అడిగిన కోరిక ఒకటి."

ఆ కూలి మాట ఎందుకు పెట్టారంటే, దొరల కర్రల సంచులు మోసే కూలివాళ్ళు దొరలకంటే బాగా ఆడతారు. వాళ్ళని బయట పెట్టడానికి ఆ మాట.

పందెం రోజున జమీందార్లు వచ్చారు, దొరలు వచ్చారు. తీర్పరిగా ఒక ముసలి దొర, చేతిలో నియమాల పుస్తకం. అసిరమ్మ వంకర కర్ర పట్టుకుని వెళ్ళి వాళ్ళ ముందు నిలబడింది. వెనకే తోటికోడలు పైడమ్మ.

"నీకేం కావాలి?" అన్నాడు రాజావారి దివాన్జీ.

"ఆడతాను."

అందరూ నవ్వారు. దివాన్జీ నవ్వలేదు. "నువ్వు ఇక్కడ పనిచేసేదానివి కదూ? కూలివాళ్ళు ఆడకూడదు."

"కూలా? పన్నెండేళ్ళు నీళ్ళు మోసినాను. ఒక్క కానీ ఇచ్చినారా? ఒక్క ముంత గంజి పోసినారా? ఇచ్చినోడు ఎవడో ముందుకొచ్చి సెప్పమనండి!"

ఎవరూ ముందుకి రాలేదు. ముసలి దొర పుస్తకం తిప్పి చూశాడు. "కూలి తీసుకోలేదు కాబట్టి ఆడవచ్చు. నియమం నియమమే" అన్నాడు. అతిథుల ముందు రాజావారు కాదనలేకపోయాడు.

ఆట మొదలైంది. పన్నెండేళ్ళలో మొదటిసారి అసిరమ్మ పాదాలు ఆ గడ్డిమీద పడ్డాయి. దొరల బంతులు ఆకాశంలోకి లేచి గాలికి కొట్టుకుపోయాయి. అసిరమ్మ బంతి నేలబారుగా పోయింది. మూడు గుంటలయ్యేసరికి నవ్వులు ఆగిపోయాయి.

దివాన్జీ పట్టుచీర తెచ్చాడు. "రాజావారి బహుమానం, తీసుకో." పుచ్చుకుంటే అదే కూలి కింద కడదామని ఆయన ఎత్తు.

"నాకు కావలసింది ఆటయ్యాక అడుగుతాను" అంది అసిరమ్మ. చీర ముట్టుకోలేదు.

ఆరు గుంటలయ్యాయి. పందెంలో ఇద్దరే మిగిలారు, రాజావారూ అసిరమ్మా. దివాన్జీ ఒక వెండి రూపాయి తెచ్చి ఆమె చేతిలో పెట్టబోయాడు. చెయ్యి వెనక్కి లాక్కుంది. రూపాయి ఇసకలో పడింది. వంగి తీసుకున్నది దివాన్జీయే.

చివరి గుంట దగ్గరికి ఇద్దరి దెబ్బలూ సమానంగా ఉన్నాయి. సముద్రం మీంచి గాలి ఈడ్చి కొడుతోంది. రాజావారు బలమంతా పెట్టి కొట్టాడు. బంతి మొగలిపొదలో పడింది. అలవాటు కొద్దీ వేలు చూపించాడు.

"వెళ్ళి తీసుకురావే."

"ఇయ్యాల నాను ఆడతన్నాను. నీ బంతి నువ్వే ఎతుక్కో!"

రాజావారు పొదలో దూరాడు. మొగలిముళ్ళకి చేతులు చీరుకుపోయాయి. బంతిని బయటికి తేవడానికే రెండు దెబ్బలు పట్టింది. అసిరమ్మ ఒక దెబ్బ తేడాతో గెలిచింది.

కంచె అవతలనుంచి పేట పేటంతా కేకలు పెట్టింది. "కోరిక అడుగప్పా!" అంది పైడమ్మ. అసిరమ్మ నోరు తెరిచింది. ఈలోగా వెనకనుంచి దివాన్జీ వచ్చి, "గెలిచిన మనిషికి మర్యాద చెయ్యాలి" అంటూ ఆమె భుజాల మీద శాలువా కప్పాడు. శాలువా మడతలోంచి రూపాయి జారి నేలమీద పడింది.

"చూశారా! పుచ్చుకుని దాచుకుంది!" అని అరిచాడు.

"కప్పింది నువ్వే గదయ్యా! నా కళ్ళెదుట కప్పినావు!" అంది పైడమ్మ.

ముసలి దొర పైడమ్మ వైపు చూడలేదు. పుస్తకం వైపే చూశాడు. "కూలి పుచ్చుకున్నవాళ్ళు ఆడకూడదు. నియమం నియమమే." వెండి చెంబు రాజావారికి ఇచ్చాడు. రాజావారు తీసుకున్నాడు. చేతులనించి ఇంకా నెత్తురు కారుతూనే ఉంది, తీసుకున్నాడు.

అసిరమ్మ ఏడవలేదు. శాలువా తీసి నేలకి కొట్టింది. రూపాయిని గడ్డిమీద నిలబెట్టి, కర్ర ఎత్తి ఒక్క దెబ్బ వేసింది. అది ఎండలో మెరుస్తూ పోయి సముద్రంలో పడింది.

అసిరమ్మకి కోపమొచ్చింది. ఈసారి దించింది. కంచెమీద దించింది. రాటలు విరిగాయి, ముళ్ళు ఎగిరిపోయాయి. పాత దారినే నడిచి సముద్రానికి పోయింది.

మర్నాడు కంచె మళ్ళీ కట్టారు, ఆమె మళ్ళీ పీకింది. కట్టారు, పీకింది. మూడోసారి ఆమెను రాటకి కట్టి కొట్టారు. ఆ దెబ్బలకి జ్వరం పట్టుకుంది. పైడమ్మ చెయ్యి పట్టుకుని, "నన్ను చుట్టు తిప్పి తీసుకెళ్ళకండే" అంది. తెల్లారేసరికి పోయింది.

మగవాళ్ళు సముద్రంమీద చేపలవేటలో ఉన్నారు. ఆడవాళ్ళే పాడె ఎత్తి, దానయ్యని పూడ్చిన ఒడ్డుకి బయల్దేరారు. పాడె కంచె దగ్గరికి వచ్చింది. అప్పుడు దానయ్య మునిగిన రోజున కర్ర అడ్డంపెట్టిన బంట్రోతు ఉన్నాడే, వాడు తలపాగా తీసి పక్కన పెట్టాడు. తన చేతులతోనే రాట పీకాడు.

లోపల రాజావారు ఆడుతున్నాడు. బంతి ముందు నిలబడి ఉన్నాడు. ఆడవాళ్ళు ఆగలేదు. తిన్నగా ఆయన మీదకే నడిచారు.

పాడె ముందుకొమ్ము పట్టుకున్న పైడమ్మ అంది. "అసిరమ్మ వస్తంది. తప్పుకో."

రాజావారు బంట్రోతుల కోసం చూశాడు. ఎవరూ కదల్లేదు. తప్పుకున్నాడు.

ఆ తర్వాత అక్కడ కంచె నిలవలేదు. గడ్డి ఎండిపోయింది, గుంటలు పూడిపోయాయి. ఇప్పటికీ ఆ పేటలో ఎంత పెద్దమనిషి వచ్చినా శాలువా కప్పనివ్వరు. బలవంతపెడితే, "ముందు దులిపి చూపించు" అంటారు. ఇప్పటికీ వేట పడవలు ఒడ్డుకి చేరే వేళకి ఆడవాళ్ళు చేపల గంపలతో ఆ దారిన వరసగా వస్తారు. ఎదురుగా వచ్చేది కారు కానీ, కలెక్టరు కానీ, పక్కకి జరగరు. ముందు నడిచే ఆమె గట్టిగా కేకేస్తుంది.

"అసిరమ్మ వస్తంది, తప్పుకో!"