పెద్దమ్మ కోళ్ళూ, మా ఇంటి తెలివీ

ఈ మాట ఇంతవరకూ పైకి అనలేదు. మా ఇంట్లో తెలివి అంటూ ఉన్నది నాకొక్కదానికే. పైకి అంటే అమ్మ, నాన్న, బాబాయి నొచ్చుకుంటారని లోపలే దాచుకున్నాను. ఇంటర్ తప్పాక ఎవరి సాయమూ లేకుండా, బజ్జీల పొట్లాల కాగితాలు చదివి చదివి సంపాదించుకున్న తెలివి ఇది. పొట్లం ఎక్కడ చిరిగితే నా చదువు అక్కడ ఆగేది.

అలాగని మావాళ్ళు మరీ తీసిపారెయ్యాల్సినవాళ్ళు కాదు. ఎవరేం చెప్పినా తు.చ. తప్పకుండా చేస్తాం. అదే మా గొప్ప. ఓసారి ఆసుపత్రిలో నాన్న కడుపునొప్పి గురించి అమ్మ చెప్పబోతే డాక్టరుగారు కసిరారు: "జబ్బు ఎవరిదో వాళ్ళే చెప్పుకోవాలమ్మా!" అంతే. ఆరోజు నించీ మా ఇంట్లో ఒకరి జబ్బు ఇంకొకరు చెప్పరు. బాబాయికి గొంతు పూడుకుపోయి మాట పడిపోయినప్పుడు ఆయన చెప్పేదాకా ఆగాం. గొంతు బాగయ్యాక చెప్పాడు. అప్పుడు తీసుకెళ్ళాం ఆసుపత్రికి.

అలాంటి మా ఇంటికి అనసూయ పెద్దమ్మ తన కోళ్ళని అప్పజెప్పింది. కూతురి పురుడు పొయ్యడానికి నెల్లూరు వెళ్తూ, కోళ్ళగంప మా వాకిట్లో దించి, అన్నిటినీ మా పాత కోళ్ళగూట్లోకి తోలి, చుక్కలపెట్టని మాత్రం తీసి నా చేతుల్లో పెట్టింది.

"ఈ చుక్క లేకపోతే నాకు పొద్దు గడవదే సులోచనా. మీ ఇంట్లో కాస్త నయం నువ్వే. నిన్ను చూసే వదిలి వెళ్తున్నా," అంది.

నన్ను నయం అన్న మనిషి మా చుట్టాలందరిలో పెద్దమ్మ ఒక్కతే. చుక్కకి ఏమైనా అయితే కోడీ పోతుంది, ఆ మాటా పోతుంది.

బస్సెక్కుతూ అమ్మతో ఇంకో మాట అంది: "కోళ్ళని కన్నబిడ్డల్లా చూసుకోవే."

అంతే. మర్నాడు పొద్దున్నే అమ్మ కోళ్ళని వరసగా కూచోబెట్టి, కొబ్బరినూనె రాసి తలలు దువ్వింది. కన్నబిడ్డని పాపిడి లేకుండా ఎలా తిరగనిస్తాం? పాపిడి నిలవడం లేదని పేలదువ్వెన తీసింది. ఇంకేముంది, దువ్విన కొద్దీ ఈకలు. వారం తిరక్కుండా కోళ్ళ తలలూ మెడలూ బోసిపోయాయి.

"నూనె చాల్లేదు," అన్నాడు నాన్న.

"కాదన్నయ్యా, జడ బిగించాల్సింది," అన్నాడు బాబాయి.

నేను దగ్గరికెళ్ళి చూశాను. ఉన్న కాసిని ఈకల మొదట్లో, ఆవగింజలో సగం కూడా లేని ఎర్రటి పురుగులు పరిగెడుతున్నాయి.

గోడ అవతలి మస్తాన్‌బీ పిన్ని తొంగి చూసింది. "పేలు పట్టినయ్ అక్కా. పొయ్యిలో బూడిద తెచ్చి కుప్ప పొయ్యండి. బూడిదలో పొర్లితే పోతయ్."

పోశాం. కోళ్ళు గట్టు మీద నిలబడి చూస్తున్నాయి తప్ప పొర్లడం లేదు.

"పాపం, వాటికేం తెలుసు? చూపించాలి," అని నాన్న పంచె ఎగ్గట్టి బూడిదలో పడ్డాడు. ఇటు నించి అటు పొర్లాడు. "చూస్తున్నాయిరా?"

"చుక్క అటు తిరిగింది అన్నయ్యా. మళ్ళీ పొర్లు."

మళ్ళీ పొర్లాడు. అన్నయ్య ఒక్కడే కష్టపడుతున్నాడని బాబాయి కూడా దూకాడు. వీధిలో పోతున్న ఒకావిడ ఎవరో స్వాములవారనుకుని దణ్ణం పెట్టి, గుప్పెడు బియ్యం నాన్న దోసిట్లో పోసి పోయింది. సాయంత్రం అమ్మ నాన్న తలంతా వెతికి పొంగిపోయింది.

"ఒక్క పేనూ లేదండీ! మస్తాన్‌బీ మందంటే మందే!"

కోళ్ళు మాత్రం ఒళ్ళు పొడుచుకుంటూనే ఉన్నాయి.

పిన్ని మళ్ళీ తొంగి చూసింది. నవ్వు ఆపుకుందో, ఏడుపు ఆపుకుందో. "పురుగంతా గూట్లో ఉంటది అన్నా. గూట్లో ఉన్నదంతా బయటేసి, కడిగి, బాగా ఎండబెట్టండి."

గూట్లో ఉన్నదంతా అంటే? గడ్డి, గుడ్లు, కోళ్ళు. అన్నీ కడిగాం. వడియాల గుడ్డ పరిచి అన్నీ ఎండబెట్టాం. కోళ్ళు గుడ్డ మీద నిలవకపోతే బాబాయి ఒక్కొక్కదాన్నీ పట్టుకుని, అప్పడం తిప్పినట్టు అటూ ఇటూ తిప్పాడు. గుడ్లు ఆరాయేమో చూడమంది అమ్మ. బాబాయి ఒకటి పగలగొట్టాడు.

"ఆరలేదు వదినా. లోపలంతా తడే."

"ఇంకోటి చూడయ్యా."

"ఇదీ పచ్చిగానే ఉంది."

అన్నీ చూశాడు. ఒక్కటీ ఆరలేదు. "రేపు కూడా ఎండబెట్టాల్సిందే," అని నిట్టూర్చింది అమ్మ, పెంకులు ఏరుతూ.

"గూడు ఆరేదాకా కోళ్ళని ఇంట్లో పెట్టుకోండి," అంది పిన్ని. "కానీ ఆ పురుగు మనుషుల మీదికీ ఎక్కుతది. కోళ్ళున్న చోట మీరు ఉండబాకండి."

కోళ్ళు ఇంట్లో ఉండాలి. కోళ్ళున్న చోట మేం ఉండకూడదు. మరి కోళ్ళు లేని చోటు ఏది? ఇంకేముంది, కోళ్ళని మంచం ఎక్కించి, దుప్పటి కప్పి, తలుపేసి, మేం వెళ్ళి గూట్లో దూరాం. అమ్మా నాన్నా సర్దుకున్నారు. నా కాళ్ళు బయట. బాబాయికి తల ఒక్కటే పట్టింది.

"కాస్త జరుగు వదినా."

"నేను జరిగితే మీ అన్నయ్య గోడలోకి పోతారయ్యా!"

తెల్లారేసరికి నలుగురం ఒళ్ళు గీరుకుంటున్నాం. పురుగులు గూడు ఖాళీ చెయ్యలేదు. వాటికెవరూ చెప్పలేదు మరి. ఇంట్లో చూస్తే మంచం నిండా ఈకలు.

చుక్కని ఎత్తుకున్నాను. బరువే లేదు. వీపు మీద చర్మం కనపడుతోంది. మేత ముట్టడం లేదు. అమ్మ అయితే తనే ముద్ద కలిపి, "నీకో ముద్ద, అక్కకో ముద్ద" అని ముక్కు దగ్గర పెట్టింది. అయినా తల తిప్పుకుంది. నాకు ఏడుపు ఆగలేదు.

"ఊరుకో తల్లీ," అని పిన్ని గోడ మీద నించి ఓదార్చింది. "పోయిన ఈకలు మళ్ళీ వస్తయ్."

ఆ మాట చెవిన పడగానే అమ్మ పరిగెత్తుకెళ్ళి గేటు బార్లా తీసింది. "వచ్చేసరికి గేటు వేసుంటే వెనక్కి పోతాయే!" బాబాయి అరుగు మీద కూర్చుని వీధి చివరిదాకా చూస్తున్నాడు. కాసేపటికి కునుకు పట్టింది. అంతే. ఈకలు రాలేదు. కోళ్ళు వెళ్ళిపోయాయి.

సందుసందూ తిరిగాం. మిగతావి కిళ్ళీకొట్టు వెనక దొరికాయి. చుక్క లేదు.

"చుక్కా! ఇంక దువ్వనమ్మా, రావే!" అని అమ్మ.

"పొర్లమని బలవంతపెట్టం!" అని నాన్న.

నాకు పెద్దమ్మ మొహమే కళ్ళ ముందు.

"ఓ సులోచనా! ఇటు రా!" పిన్ని కేక.

వెళ్ళి చూద్దుం కదా, పిన్ని పెరట్లో బూడిదకుప్ప మీద చుక్క పక్కకి పడుకుని, కాళ్ళతో బూడిద తన్నుకుంటూ, రెక్కలు దులుపుకుంటూ హాయిగా పొర్లుతోంది.

నాన్న కళ్ళు తుడుచుకున్నాడు. "నేను నేర్పిందే! ఆ తిరగడం చూడండి, అచ్చం నాదే!"

"కోడికి అది పుట్టుకతోనే వస్తది అన్నా," అంది పిన్ని. "మీరు కాస్త పక్కకి తప్పుకుంటే చాలు." చుక్కని ఎత్తి, ఈకలు ఊది చూసి, నా చేతికిస్తూ తల అడ్డంగా ఊపింది. "బూడిదతో తీరేట్టు లేదు. మందు కొట్టాల. మీ పెద్దమ్మ గూటికీ పోయినేడు పట్టింది గదా, పశువుల డాక్టర్ని అడిగి ఆమే వదిలించింది. ముందు ఆమెకి ఫోన్ చెయ్యి."

చేస్తే, పెద్దమ్మ నన్ను ఇంకెప్పుడూ నయం అనదు. చెయ్యకపోతే?

చుక్క నా చేతిలో ఒక కన్ను తెరిచి చూసి, మళ్ళీ మూసుకుంది.

కోడంటూ మిగిలితే మంచిమాట ఇంకోసారి సంపాదించుకోవచ్చు. సరే, ఫోన్ చేస్తాను. ఇప్పుడే చేస్తాను.

"నువ్వేం చెప్తావే?" అమ్మ కంగారుపడింది. "జబ్బు నీదా?"

"ఆ మాత్రం తెలీదా అమ్మా? నంబరు నొక్కడం వరకే నేను," అన్నాను.

చుక్కని ఒళ్ళో సర్దుకున్నాను. మామూలుగా అయితే కోడికి చెవి ఎక్కడుందో ఈకల్లో కనపడదు. ఇప్పుడు చక్కగా కనపడుతోంది. ఫోన్ ఎక్కడ పెట్టాలో వెతుక్కోనక్కర్లేదు. ఈకలు ఊడటం ఎంత మంచిదయిందో!