వెనక పెట్టిన చెంబు

బేతంచెర్ల దగ్గరి మఠంలో చిదంబరయ్యగారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ప్రశ్న అడిగినా వెంటనే బదులు చెప్పేవారు కాదు, లేచి ఏదో పని మొదలుపెట్టేవారు. తెలియనివాళ్ళు విసుక్కునేవారు. తెలిసినవాళ్ళు మాత్రం ఆయన చేతులు ఏం చేస్తున్నాయో చూస్తూ కూర్చునేవారు.

మద్దిలేటి ఆయన శిష్యుడు. రెండు లారీలు పెట్టుకుని నాపరాళ్ళు తోలేవాడు. ఒకనాటి పొద్దున మఠం వాకిట పరచడానికి ఒక లోడు రాళ్ళు తెచ్చి, బండిని బయట ఆపించి, గురువుగారి ఎదుట కూర్చున్నాడు. తెచ్చింది కానుకే గాని మనసులో మంటగా ఉంది.

కిందటేడు అతను లారీలకు కొత్త సామాన్లు బిగించాడు. వెనక్కి వచ్చేటప్పుడు అడ్డమేదైనా ఉంటే కుయ్యికుయ్యిమని కూసేది ఒకటి, డ్రైవరు కన్ను మూతపడితే లేపేది ఇంకొకటి. అవి చూసి ఇన్సూరెన్సు కంపెనీవాళ్ళు ప్రీమియం తగ్గించారు. ఆ సంగతి మద్దిలేటి ఊరంతా చెప్పుకున్నాడు. చిత్రమేమంటే, ఏడాది తిరగకముందే బండి వెనక్కి వస్తూ ఒకసారి పాలిషు ఫ్యాక్టరీ గోడను, ఇంకోసారి ఆగివున్న జీపును గుద్దింది. రెండుసార్లూ కంపెనీని నష్టపరిహారం అడిగాడు. ఈ ఏడు ప్రీమియం పాతదానికంటే పైకి పోయింది.

“సామాన్లలో తప్పు లేదు సామీ, మనిషిలో ఉంది. పద్దెనిమిదేండ్లుగా నన్ను నమ్ముకుని ఉన్నాడే అని ఇన్నాళ్ళు చూస్తి. సోమవారం నుంచి దస్తగిరిని పని మాన్పిస్తే పాపమంటారా?”

డ్రైవరు దస్తగిరి అక్కడే కొళాయి దగ్గర మొహం కడుక్కుంటున్నాడు. నీళ్ళు కట్టేసి, తడి తుడుచుకోకుండానే పోయి బండెక్కాడు. ఈ వయసులో తనను పిలిచి ఇంకెవరూ తాళాలు ఇవ్వరని అతనికి తెలుసు.

గురువుగారు లేచారు. రోజూ తాను కూర్చునే ముక్కాలిపీటను, నీళ్ళు తాగే ఇత్తడి చెంబును పట్టుకుని వాకిట్లోకి నడిచారు. పీటను నడిమధ్యన వేసి దాని మీద చెంబు పెట్టారు. బండిని వెనక్కి లోపలికి తెమ్మని దస్తగిరికి కేకవేసి, తాను పక్కకు తప్పుకున్నారు.

బండి కదిలింది. నాలుగు బారలు వచ్చిందో లేదో కూత మొదలైంది. దస్తగిరి బ్రేకు తొక్కాడు. బండి నిలిచింది.

మద్దిలేటి బండి పక్కనే వస్తున్నాడు. వెనక ఏముందో చూడలేదు, చూడాలని తోచనూ లేదు. అలవాటైన చేయి దానంతటదే లేచి లారీ చెక్కను దబదబ చరిచింది.

“రానీ, రానీ. అది కూస్తానే ఉంటాది, దానికేం పని? అది కూసినప్పుడంతా ఆగితే మనం ఇల్లు చేరినట్టే.”

దస్తగిరి రానిచ్చాడు. ముందు పీట విరిగిన చప్పుడు, దాని వెంటే చెంబు నలిగిన చప్పుడు వినబడ్డాయి.

దస్తగిరి దిగివచ్చి చూశాడు. గొంతు పెంచలేదు. “అది కూసింది, నేను నిలిపితి గదన్నా” అన్నాడు, అంతే.

మద్దిలేటి తన అరచేయి చూసుకున్నాడు. లారీ దుమ్ము అంటుకుని ఉంది. ఫ్యాక్టరీ గోడ దగ్గరా, జీపు దగ్గరా కూడా ఈ చేయే బండిని చరిచింది. ఆ సంగతి ఇన్నాళ్ళూ ఎక్కడ దాక్కుందో గాని, ఇప్పుడు వచ్చి ఎదుట నిలబడింది. పొద్దుటిపూట ఆ పీట మీద ఎవరు కూర్చుంటారో తలుచుకుని, వంగి బండి కింది నుంచి పీట ముక్కలు ఏరాడు.

రాళ్ళు దించడం అయ్యాక దస్తగిరి తాళాలు తెచ్చి చాపాడు. మద్దిలేటి అందుకోలేదు. సోమవారం నంద్యాల లోడుంది, పెందలాడే రమ్మని, అతని మొహం చూడలేక టైరు వైపు చూస్తూ చెప్పాడు. తర్వాత గురువుగారి దగ్గరికి వచ్చి, ఇంతకంటే మంచి చెంబు కర్నూలు నుంచి తెస్తానన్నాడు.

చిదంబరయ్యగారు నలిగిన చెంబును తువ్వాలుతో తుడిచి, అతని చేతిలోనే పెట్టారు.

“కొత్తది వద్దులే నాయనా. దీన్ని బండిలో ఉంచుకో. ఈసారి అది కూసినప్పుడు, ఆ చేతిని దీని మీద పెట్టు.”